చేతి నూలు, చేతి రంగు: చిలప విప్పడం దగ్గర్నుంచి బీరువాలో దాచేదాకా

పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద వడికిన సన్న నూలు కావచ్చు. కరక్కాయ, మంజిష్ఠ, నీలిమందుతో రంగు వేసిన ముతక నూలు కావచ్చు. అమెరికాలో ఉన్న చెల్లెలు కొని పంపిన రంగురంగుల మెరీనో ఊలు కావచ్చు. ఇలాంటి నూలు పాడయ్యేది చాలావరకు వాడకంలో కాదు, వాడకానికి ముందే. చిలప (వలయంగా చుట్టిన నూలు కట్ట) విప్పేటప్పుడు చిక్కుపడుతుంది. మొదటిసారి తడిపినప్పుడు రంగు దిగుతుంది, ఊలైతే ముద్దకట్టి చిన్నదైపోతుంది. ఈ రెండు గండాలు గడిస్తే తర్వాత మిల్లు నూలుకంటే పెద్దగా కష్టపెట్టదు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ మొదటి పనులకే కేటాయించాను.

ముందు జానెడు ముక్కలు కత్తిరించండి

నూలు ఇంటికి రాగానే చిలప చివరనుంచి జానెడు జానెడు ముక్కలు నాలుగైదు కత్తిరించి పక్కన పెట్టుకోండి. ఖరీదు పెట్టి కొన్నాక కత్తెర పెట్టడానికి చెయ్యి రాదు. అయినా పెట్టాల్సిందే. చిలప మొత్తానికి చేయబోయే ప్రతి పనీ ముందు ఈ ముక్కల మీద చేసి చూడాలి.

మొదటి ముక్కతో అది ఏ పీచో తేల్చుకోండి. పట్టకారుతో పట్టుకుని, సింకు పక్కన నిలబడి, కొస అంటించండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద రాలుతుంది. ఊలు, పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లటి పూస వేళ్లతో నలిపితే పొడిపొడి అవుతుంది. నలపబోతే గట్టిగా రాయిలా తగిలిందంటే అందులో పాలిస్టరో నైలానో ఉంది. నైలాన్ ఉన్నంత మాత్రాన మోసం అనుకోకండి. మేజోళ్ల కోసం చేతిరంగు వేసే ఊలులో గట్టిదనం కోసం నైలాన్ కలపడం మామూలే, కాకపోతే ఆ సంగతి చెప్పి అమ్మాలి.

రెండో ముక్కతో పురి చూడండి. రెండు కొసలూ పట్టుకుని వదులుగా దగ్గరికి తెండి. మధ్యలో దారం తనంతట తాను మెలిపడిపోతుంటే పురి ఇంకా కుదురుకోలేదు. నిశ్చలంగా వేలాడితే కుదురుకున్నట్టే. అలాగే కొసను పురికి ఎదురు తిప్పి విప్పండి. ఒకటే పోగు విడిపోయి పీచు పీచుగా ఊడితే ఒంటిపోగు నూలు. రెండు మూడు పోగులుగా విడివడితే పేనిన నూలు. ఒంటిపోగు రాపిడికి తట్టుకోదు, పేనినది తట్టుకుంటుంది. ఎక్కడ వాడాలన్నది సగం దీన్నిబట్టే తేలిపోతుంది.

మూడో ముక్క రంగు కోసం. ఇక్కడ మూడు వేర్వేరు లోపాలను కలిపేసి "రంగు పోతోంది" అనేస్తుంటాం. నీళ్లలో రంగు కారడం ఒకటి, పొడిగా రాస్తే చేతికో గుడ్డకో అంటుకోవడం ఇంకొకటి, వెలుతురుకు వెలిసిపోవడం వేరొకటి. ముక్కను తెల్ల గుడ్డ మీద గట్టిగా రాయండి. తర్వాత తడిపి, తెల్ల గుడ్డలో చుట్టి, బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. మీరు వాడబోయే సబ్బు నీళ్లలో ఇంకో ముక్క ముంచి రంగు మారుతుందేమో చూడండి. ఆఖరి ముక్కను సగం అట్టతో కప్పి ఎండ పడే కిటికీలో రెండు వారాలు ఉంచండి. అట్ట తీసినప్పుడు రెండు సగాల మధ్య గీత కనిపిస్తే ఆ నూలుతో కిటికీ తెరలు అల్లుకోవద్దు.

అమ్మినవాళ్లను అడగడానికి మొహమాటపడకండి. ఏ పీచు, ఏ రంగు, ఆ రంగు నూలుకు నిలిచేలా పటికతో పట్టించారా ఇనుముతోనా, గంజి ఉందా, ఎన్ని మీటర్లు? "నేచురల్ డై అండీ" అన్న ఒక్క మాట జవాబు కాదు. సహజ రంగు అనగానే పక్కా రంగూ కాదు, కచ్చా రంగూ కాదు. పసుపు సహజమే, ఎండకు నిలవదు. పటికతో సరిగ్గా పట్టించిన మంజిష్ఠ ఎరుపూ సహజమే, చీర చిరిగేదాకా ఉంటుంది.

సన్నం, ముతక

మిల్లు నూలులో కౌంట్ అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయన్న లెక్క. ఆ లెక్కన 100 కౌంట్ నూలు ఒక పౌను తీసుకుంటే 84,000 గజాలు, అంటే సుమారు 77 కిలోమీటర్లు సాగుతుంది. చేతి నూలుకు చీటీ మీద కౌంట్ రాసి ఉన్నా అది సగటే, ఒకే చిలపలో అక్కడక్కడ తేడా ఉంటుంది. చీటీ లేకపోతే స్కేలు తీసుకుని, దారాన్ని లాగకుండా పక్కపక్కనే చుట్టి, అంగుళంలో ఎన్ని చుట్లు పట్టాయో లెక్కపెట్టండి. నాలుగు చోట్ల చూసి సగటు రాసుకోండి. మీ దగ్గరున్న మిల్లు దారాల్లో అన్నే చుట్లు పట్టేది ఏదో చూస్తే ఏ సూదితో మొదలుపెట్టాలో తెలిసిపోతుంది.

చిలప విప్పడం

చిలపను మెలితిప్పి, ఒక కొసను ఇంకో కొసలో దూర్చి జడలా అమ్ముతారు. అలాగే పట్టుకుని కొస లాగితే ఆ సాయంత్రం మొత్తం చిక్కు తీయడానికే సరిపోతుంది.

1. జడ విప్పి పెద్ద వలయంగా చేయండి. రెండు చేతులూ లోపల దూర్చి, పక్కకు లాగి రెండు మూడుసార్లు విదిలించండి. పోగులు సర్దుకుంటాయి.
2. అడ్డంగా కట్టిన కట్లు చూడండి. మూడో నాలుగో ఉంటాయి. వీటిలో ఒకదానికి నూలు రెండు కొసలూ ముడివేసి ఉంటాయి.
3. వలయాన్ని చిలప చుట్టే చట్రానికి తగిలించండి. అది లేకపోతే రెండు కుర్చీలను వీపులు ఎదురెదురుగా పెట్టి తగిలించండి. ఎవరైనా ఖాళీగా దొరికితే వాళ్ల చేతులు చాలు. బిగుతుగా కాదు, జారిపోనంత ఉంటే సరి.
4. కట్లన్నీ కత్తిరించే ముందు, వలయంలో ఏ పోగూ ఇంకోదాని కిందనుంచి అడ్డంగా పోలేదని చుట్టూ తిరిగి చూసుకోండి. కొసలున్న కట్టు ఆఖరున కత్తిరించండి.
5. పైన ఉన్న కొసతో మొదలుపెట్టండి. దారం తేలిగ్గా రాకపోతే రెండో కొస తీసుకోండి. బలవంతంగా లాగొద్దు.

బంతి చుట్టేటప్పుడు మూడు వేళ్లు బంతి మీద ఉంచి, వేళ్ల పైనుంచి దారం చుట్టి, పది పదిహేను చుట్లకోసారి వేళ్లు తీసేయండి. అప్పుడు బంతి మెత్తగా ఉంటుంది. బిగించి చుట్టిన బంతిలో ఊలు సాగి ఉంటుంది. అల్లి ఉతికాక అది మళ్లీ కుంచించుకుని, స్వెట్టర్ పొట్టిదైపోతుంది. ఇదే కారణంగా నెలల తరబడి దాచేది ఎప్పుడూ చిలపగానే ఉంచాలి. నేతకైతే బంతి కాకుండా నేరుగా కండెలు చుట్టుకోవచ్చు.

మొదటి తడి

రంగు వేయని చేతి నూలును నీళ్ల మీద వేసి చూడండి. మునగకుండా తేలుతుంటే పత్తి సహజమైన మైనం ఇంకా వదల్లేదు. అలాంటి నూలు రంగూ సరిగ్గా పట్టదు, గంజీ పట్టదు. చిలపను నాలుగు చోట్ల ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. బిగించి కడితే కట్టు కింద నీళ్లు చేరవు. 100 గ్రాముల నూలుకు 2 గ్రాముల వాషింగ్ సోడా, చిటికెడు సబ్బు వేసి, నూలు కదలడానికి వీలయ్యేన్ని నీళ్లు పోసి, స్టీలు గిన్నెలో గంటసేపు మరగనివ్వండి. నీళ్లు టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. మురికి కాబోలని కంగారు పడొద్దు, అదంతా పత్తిలోంచి వచ్చిన మైనం, జిగురే. అదే గిన్నెలో చల్లారనిచ్చి జాడించండి. ఈ ఉడుకులోనే పత్తి నూలు పురి కూడా కుదురుకుంటుంది, కుంచించుకోవాల్సింది కుంచించుకుంటుంది. ఇది రంగు లేని పత్తికి మాత్రమే. రంగు నూలునీ, ఊలునీ ఇలా ఉడికించకూడదు.

రంగు వేసిన నూలును మొదట గోరువెచ్చని మామూలు నీళ్లలో, విడిగా, అరగంట నానబెట్టండి. నీళ్లు కాస్త రంగు తేలితే పర్వాలేదు. మూడు నాలుగు సార్లు మార్చినా ఆగకపోతేనే ఆలోచించాలి. మన ఇళ్లలో వెంటనే గుప్పెడు ఉప్పు వేస్తారు. రంగు తయారయ్యేటప్పుడు ఉప్పుకు పనుంది గానీ, పట్టని రంగును తర్వాత ఇంట్లో ఉప్పు పట్టించలేదు. ఆ ఒక్కసారికి కారడం తగ్గినట్టు కనిపిస్తుంది, అంతే. ఏం చేయాలన్నది రంగునుబట్టి ఉంటుంది. పత్తి మీద రియాక్టివ్ రంగు (పోగుతో రసాయనికంగా కలిసిపోయే రంగు) అయితే కారేది పట్టకుండా మిగిలిపోయిన రంగు. బాగా వేడి నీళ్లలో మళ్లీ మళ్లీ కడిగి దాన్ని వదిలించడమే దారి. ఊలు మీద యాసిడ్ రంగు (పులుపు నీళ్లలో వేడితో పట్టే రంగు) అయితే లీటరు నీళ్లకు రెండు చెంచాల వెనిగర్ కలిపి, నూలు వేసి, నెమ్మదిగా వేడి పెంచి, మరగనివ్వకుండా అరగంట ఉంచి, అందులోనే పూర్తిగా చల్లారనిస్తే చాలావరకు పట్టుకుంటుంది. మొక్కల రంగులకు ఈ రెండూ చేయొద్దు. చల్లటి నీళ్లలో జాడించి, అప్పటికీ కారుతుంటే తెలుపు పక్కన వాడకండి.

నీలి సంగతి వేరు. నీలితొట్టిలోంచి తీసినప్పుడు నూలు పసుపుపచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ మన కళ్లముందే ఆకుపచ్చకు, ఆకుపచ్చనుంచి నీలానికి తిరుగుతుంది. గాలి తగిలి నీలమైన రంగు నీళ్లలో కరగదు. అందుకే అసలు నీలి నీళ్లలో పెద్దగా కారదు. కానీ పోగు పైన పొరగా అంటుకుని ఉన్నది రాపిడికి ఊడుతుంది. దానితో అల్లుతుంటే వేళ్లు నీలమవుతాయి, చెక్క సూదులు మరకలవుతాయి. స్టీలు సూదులు వాడండి, ఒళ్లో పాత గుడ్డ వేసుకోండి. చేతులు సబ్బుతో కడిగితే పోతుంది. రెండు మూడు ఉతుకుల్లో ఇదంతా తగ్గిపోతుంది.

ఊలు విషయంలో భయపడాల్సింది నీళ్లకు కాదు. ఊలు పోగు మీద సన్నని పొలుసులుంటాయి. వేడి, రుద్దుడు, క్షారం, వేడి నీళ్లలోంచి ఒక్కసారిగా చన్నీళ్లలో వేయడం, ఇవి కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని నూలు ముద్దకడుతుంది. 30 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో వదిలి, అరచేత్తో కిందికి నొక్కి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచండి. జాడించే నీళ్లూ అంతే వెచ్చగా ఉండాలి. పిండకుండా తువ్వాల్లో చుట్టి ఒత్తండి. సూపర్‌వాష్ (పొలుసులు చిక్కుకోకుండా ముందే శుద్ధి చేసిన ఊలు) అని రాసి ఉంటే ముద్దకట్టే భయం తక్కువ. కానీ తడిస్తే బాగా సాగుతుంది కాబట్టి తడిగా వేలాడదీయొద్దు.

పురి కుదురుకోని చేతి ఊలును తువ్వాల్లో ఒత్తాక, వలయాన్ని రెండు చేతులకు తగిలించి గట్టిగా విదిలించి, ఉత్తినే తగిలించి ఆరబెట్టండి. కింద బరువు కట్టమని చాలామంది చెబుతారు. మగ్గం మీదికి వెళ్లే నూలుకు అది సరే. అల్లికకు వద్దు. బరువుతో సాగదీసిన దారం మొదటి ఉతుకులో వెనక్కి వచ్చేస్తుంది.

మగ్గం మీద, సూదుల మీద

నేసేవాళ్లకు నా సలహా ఒకటే. మొదటిసారి చేతి నూలును పేకకు (అడ్డపోగులకు) వాడండి, పడుగుకు (నిలువు పోగులకు) కాదు. పడుగు పోగులు అచ్చులో పైకీ కిందికీ రాసుకుంటూ ఉంటాయి. ఒంటిపోగు చేతి నూలు గంజి లేకుండా ఆ రాపిడికి నిలవదు. నిలబెట్టాలంటే పలచటి బియ్యం గంజి పట్టించి, పోగులు అంటుకుపోకుండా విడదీస్తూ ఆరబెట్టాలి. తెలంగాణలో గొంగడి నేసే కురుమలు ఊలు పడుగుకు చింతగింజల గంజి పట్టించేది ఇందుకే. ముందుగా చేతి పొడవు పడుగుతో నేసి చూడకుండా చీర మొదలుపెట్టొద్దు.

అల్లేవాళ్లు నమూనా ముక్క అల్లాలి. అల్లడంతో సరిపోదు, దాన్ని ఉతికి ఆరేశాకే కొలవాలి. చేతి నూలు మొదటి ఉతుకులో ఉబ్బుతుంది. ఉతక్కముందు వదులుగా కనిపించిన అల్లిక తర్వాత సరిపోతుంది, ముందే బిగుతుగా ఉన్నది అట్టలా తయారవుతుంది. లావు సన్నాలు కలిసిన నూలుకు పూల డిజైన్లు, సన్నని లేసు పనితనం నప్పవు. నర్సాపురం లేసులాంటి పనికి నునుపుగా పేనిన గట్టి దారం కావాలి. చేతి నూలుకు సాదా అల్లికే అందం. లావుగా వచ్చిన చోట్లు కత్తిరించి ముడివేయకండి, కత్తిరించిన చోట పడే ముడి లావుకంటే వికారంగా కనిపిస్తుంది.

చేతిరంగు చిలపలు ఒకే తొట్టిలో పుట్టినా కవలలు కావు. చీటీ మీద పేరు ఒకటే అయినా ఒకటి కాస్త ముదురు, ఇంకొకటి కాస్త లేత. పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. ట్యూబ్‌లైట్ కింద తేడా దాక్కుంటుంది. రెండు బంతులు తీసుకుని రెండు వరుసలు ఒకదానితో, రెండు వరుసలు ఇంకోదానితో అల్లితే తేడా కలిసిపోతుంది. ఒకే చిలపలో నాలుగు రంగులుండి, ఒక్కోచోట ఒకే రంగు మడుగు కడుతున్నా ఇదే మందు. పనికి సరిపడా నూలు మొదటే కొనుక్కోండి, ఇంకో 10 శాతం ఎక్కువే తీసుకోండి. అదే రంగు మళ్లీ దొరకదు.

కొత్త బంతి కలపడానికి ఊలులో ముడి అక్కర్లేదు. రెండు కొసలూ కాస్త పీచు విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, తడిచేసి, అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే అతుక్కుంటాయి. సూపర్‌వాష్ ఊలుకు, పత్తికి ఇది పనిచేయదు. వాటికి కొసలు సూదితో లోపలికి కుట్టుకోవాల్సిందే.

ఏ రంగుకు ఏ ఉతుకు

పసుపు, సున్నం కలిస్తే పారాణి అవుతుందని మనకు ఒకరు చెప్పక్కర్లేదు. బట్టల సబ్బు, వాషింగ్ సోడా చేసేదీ ఆ సున్నం పనే. పసుపు వేసిన నూలును వాటితో ఉతికితే ఎర్రమరకలు పడతాయి. వెంటనే నిమ్మరసం కలిపిన నీళ్లలో జాడిస్తే చాలావరకు మళ్లీ పసుపుకు వస్తుంది.

అలాగని నిమ్మరసం అన్నిటికీ మందు కాదు. లక్క, పతంగి చెక్క రంగులు పులుపు తగిలితే నారింజ వైపు, క్షారం తగిలితే ఊదా వైపు తిరుగుతాయి. కలంకారీలో బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి తీసే నలుపు ఇనుముకూ కరక్కాయకూ కలిగిన రంగు. పులుపు దాన్ని తినేస్తుంది, పప్పుచారు ఒలికినా మచ్చ పడుతుంది. ఇనుముతో వచ్చిన నలుపు ఏళ్లు గడిచేకొద్దీ పోగునూ బలహీనపరుస్తుంది. కాబట్టి నల్ల భాగాన్ని పట్టి పిండొద్దు.

దీనికి తిరగేసిన ఇబ్బంది ఇంకొకటి ఉంది, చాలామందికి కారణం అంతుపట్టదు. కరక్కాయ, దానిమ్మ తొక్క వేసిన లేత పసుపు నూలుకు ఇనుము తగిలితే బూడిదరంగు మచ్చలు వస్తాయి. తుప్పుపట్టిన దండెం తీగ, బకెట్ పిడి, ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లు, ఏదైనా చాలు. గ్లాసులో పట్టి ఉంచితే ఎర్రబడే నీళ్లయితే ఆ ఉతుకుకు మంచినీళ్లు వాడండి.

సబ్బు విషయంలో కుంకుడురసాన్ని మించింది తక్కువ. ఐదారు కాయలు గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగడితే ఒక చిలపకు ధారాళంగా వస్తుంది. అందులో క్షారం లేదు కాబట్టి ఊలుకు, పట్టుకు, మొక్కల రంగులకు పడుతుంది. తెల్ల నూలుకు మాత్రం కాస్త గోధుమఛాయ అంటిస్తుంది. దానికి ఘాటులేని లిక్విడ్ సబ్బు నయం. మరకలు తీసే ఎంజైమ్‌లున్న పౌడర్లు ఊలు, పట్టులకు వద్దు. మాంసకృత్తుల మరకల్ని కరిగించే ఎంజైమే ఆ పోగుల్నీ కొరుకుతుంది, అవీ మాంసకృత్తులే.

ఆరేయడం నీడలోనే. ఊలు బట్టను తువ్వాలు మీద ఆకారం సర్ది పరచండి.

దాచడం

పూర్తిగా ఆరిందనుకున్నాక ఇంకో రోజు ఆగి లోపల పెట్టండి. కోస్తాలో వానాకాలం ప్లాస్టిక్ కవర్లో బిగించిన పత్తి నూలుకు బూజు పట్టడం ఖాయం. పాత నూలు పంచె కుట్టిన సంచి చాలు. గంజి ఉన్న నూలునూ, బట్టలనూ గంజి కడిగే దాచాలి, గంజికోసమే సిల్వర్‌ఫిష్, బొద్దింకలు చేరతాయి.

ఊలుకు చిమ్మటలున్నాయి. తినేది ఎగిరే పురుగు కాదు, దాని పిల్లపురుగు. చెమట, నూనె అంటిన ఊలంటే దానికి మరీ ఇష్టం కాబట్టి ఉతికాకే దాచాలి. వేపాకు, కర్పూరం పెట్టుకోండి, తప్పులేదు, కానీ వాటిని నమ్ముకుని చూడటం మానొద్దు. నెలకోసారి తీసి దులిపితే పురుగు స్థిరపడదు. అనుమానంగా ఉంటే గాలి చొరని కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్లో వారం ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పొద్దు, విప్పితే చెమ్మ పడుతుంది. రెండు రోజులాగి ఇంకోసారి పెడితే ఇంకా మంచిది.

వడకని ఏకులు, దువ్విన ఊలు నొక్కి కుక్కితే పీచు అణిగిపోయి వడికేటప్పుడు సరిగ్గా జారదు. అట్టపెట్టెలో వదులుగా పేర్చండి. జిడ్డు వదలని పచ్చి ఊలును ఏళ్లతరబడి ఉంచొద్దు, జిడ్డు గట్టిపడి తర్వాత కడిగినా ఓ పట్టాన వదలదు.

విప్పి మళ్లీ వాడాలంటే

నచ్చని అల్లికను విప్పితే దారం వంకర్లు వంకర్లుగా వస్తుంది. దాన్ని బంతి చుట్టకుండా కుర్చీ వీపుకు చుట్టి చిలప చేసి, నాలుగు చోట్ల కట్టి, గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి తగిలించండి. ఆరేసరికి వంకర్లు పోతాయి. ఒంటిపోగు ఊలు రెండోసారి విప్పేటప్పటికి నూగు లేచి పలచబడుతుంది. దాన్ని ఇంకో సన్నదారంతో కలిపి అల్లుకోవచ్చు. చిరుగులు రఫూ చేయడానికి కూడా దాచుకోవచ్చు. రఫూ దారాన్ని బట్టతోపాటే ఉతుకుతూ ఉండండి. లేకపోతే రెండేళ్ల తర్వాత బట్ట వెలిసి, దారం కొత్తగా ఉండి, వేసిన అతుకు దూరం నుంచే కనిపిస్తుంది.